కెమెరాకూ కావాలి అక్షరాభ్యాసం

బాలలూ! సంక్రాంతి సెలవులు దగ్గరపడుతున్నవంటే మీ ఇళ్ళలో ఎంత సందడి! ఒకరు అమ్మమ్మగారి ఊరు పోదామంటారు. ఒకరు తలకోన పోదామంటారు. ఇంకొకరు నేలపట్టు పోయి పక్షులను చూద్దామంటారు. అరిసెలు మూట కడతారు, పెట్టెలు సర్దుతారు. ఈ రోజులలో ఆ మూటల మధ్య ఇంకొక వస్తువు కూడా చేరుతున్నది. అదే కెమెరా. అది మెడకు తగిలించుకునే కెమెరా కావచ్చు, నాన్నగారి సెల్‌ఫోనులో వుండే కెమెరా అయినా కావచ్చు.

అయితే చాలా ఇళ్ళలో జరిగేది ఏమిటో తెలుసునా? కొత్త కెమెరాను ప్రయాణానికి ముందురోజు సాయంత్రం కొంటారు. దాని అట్టపెట్టెను బస్సులో కూర్చుని విప్పుతారు. అందులో వచ్చిన చిన్న పుస్తకాన్ని అసలు విప్పరు. ఒకప్పుడు నేను కూడా అలాగే చేశాను. "పరీక్షకు ముందురోజు పుస్తకం విప్పేవాడు బాగుపడడు" అని ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పిన నేనే ఆ పని చేశాను! అందుకు నాకు ఎటువంటి శిక్ష పడిందో ముందు చెబుతాను. ఆ శిక్ష మీకు పడకుండా వుండాలంటే ఏం చెయ్యాలో ఆ తరవాత చెబుతాను.

ముఖం లేని ఫోటో

అది 2008వ సంవత్సరం. అప్పుడు నేను చిత్తూరు దగ్గర ఒక హైస్కూలుకు హెడ్‌మాస్టరును. జనవరి నెలలో పదవ తరగతి పిల్లలను చంద్రగిరి కోటకు విహారయాత్ర తీసుకుపోవాలని నిశ్చయించాము. పిల్లలు నలభైరెండు మంది. మా బడిలో ఇరవైఎనిమిది ఏళ్ళు గంట కొట్టిన అటెండరు కూడా మాతో బయలుదేరాడు. ఆ ఏడాదే ఆయన రిటైరవుతున్నాడు. పిల్లలు ఆయనను "తాతా" అని పిలిచేవారు. ఎండ కానీ, వాన కానీ, ఆయన కొట్టే గంట ఒక్క నిమిషం కూడా ముందూ వెనకా అయ్యేది కాదు.

ముందురోజు సాయంత్రం నేను తిరుపతి పోయి ఒక డిజిటల్ కెమెరా కొన్నాను. మరునాడు రాజమహల్ ముందు పిల్లలు బారులు తీరి నిలబడ్డారు. నేను పెళ్ళిళ్ళలో ఫోటోలు తీసేవాడివలె ఒక కన్ను మూసి, టపటపా మీట నొక్కుతూ పోయాను. అప్పుడు అటెండరు నా దగ్గరికి వచ్చాడు. ఆయన తెల్లని కొత్త పంచె కట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"అయ్యవారూ, నాకు ఇంతవరకూ ఒక మంచి ఫోటో లేదు. ఈ కోట ముందర నన్ను ఒకటి తియ్యండి. ఇంట్లో పటం కట్టించి పెట్టుకుంటా" అన్నాడు.

నేను సరేనని ఆయనను గోడ నీడలో నిలబెట్టాను. ఆయన వెనక ఆకాశం తెల్లగా వెలిగిపోతున్నది. నేను అది గమనించలేదు. మీట నొక్కాను. ఇంకొకటి తీద్దామనుకునేసరికి కెమెరా తెరమీద ఏవో అక్షరాలు కనిపించాయి. ఇక జాగా లేదని వాటి అర్థం. అప్పటికి నేను తీసినవి పద్నాలుగు ఫోటోలే!

సంగతేమిటంటే, బొమ్మలు దాచుకునే మెమొరీ కార్డు విడిగా కొని కెమెరాలో పెట్టాలని నాకు తెలియదు. కెమెరా లోపల మొదటినుంచీ వుండే కొద్దిపాటి జాగా పద్నాలుగు బొమ్మలకే నిండిపోయింది. తిరిగి వచ్చాక కంప్యూటరులో చూస్తే వాటిలో ఆరు అలుక్కుపోయినట్టున్నవి. అటెండరు బొమ్మలో మేఘాలు మాత్రం చక్కగా వచ్చాయి. వాటి ముందు మనిషి ఆకారంలో ఒక నల్లని నీడ వున్నది. ముఖం లేదు.

"పోనీలెండి అయ్యవారూ, ఇంకోసారి తీద్దురు" అన్నాడాయన.

ఆ ఇంకోసారి రాలేదు. రిటైరయిన ఏడాదికే ఆయన కాలం చేశాడు. పదో రోజున ఆయన కొడుకు నా దగ్గరికి వచ్చి, "సార్, మా నాయన ఫోటో ఏమన్నా వుందా? పటం కట్టించాలి" అని అడిగాడు. నా దగ్గర వున్నది ఆ నల్లని నీడ ఒక్కటే. దాన్ని ఆ అబ్బాయి చేతికి ఇవ్వటానికి నాకు మనసు రాలేదు. చివరకు వాళ్ళు ఏదో పాత కార్డుమీద తపాలాబిళ్ళంత వున్న బొమ్మను పెద్దది చేయించి పటం కట్టుకున్నారు. ఆ పటంలో కన్నూ ముక్కూ సరిగా తెలియవు.

బాలలూ, ఆ కెమెరాలో ఏ లోపమూ లేదు. అంగడివాడు నన్ను మోసం చెయ్యలేదు. నేను చదవవలసిన పాఠం చదవకుండా పరీక్షకు పోయాను. అంతే.

పది రోజుల బడి

పోయిన సంక్రాంతికి మా అబ్బాయి తన కూతురికి కొత్త కెమెరా కొని ఇచ్చాడు. మా మనుమరాలు ఏడవ తరగతి, దాని తమ్ముడు నాలుగవ తరగతి. సెలవులకు ఇంకా పది రోజులు వున్నవి. చంద్రగిరి, తలకోన, నేలపట్టు చూడాలని మా ఏర్పాటు.

మా ఇంటావిడ కెమెరాను చూడగానే, "కొత్త వస్తువు, పాడవుతుంది. అలమారలో పెట్టి తాళం వెయ్యండి. ప్రయాణం రోజున తీద్దాం" అన్నది. మనుమడు కూడా అవ్వ మాటే సరి అన్నాడు.

నేను వాడితో, "ఒరే, మన శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 ఎప్పుడు బయలుదేరింది?" అని అడిగాను.

"2023 జూలై 14" అన్నాడు వాడు ఠక్కున.

"చంద్రుడిమీద ఎప్పుడు దిగింది?"

"ఆగస్టు 23."

"దానిలో కూడా కెమెరాలు వున్నవి గదా? అవి తీసిన బొమ్మలు మనం చూశాం గదా? చంద్రుడి దగ్గరికి పోయిన తరవాత 'కాస్త ఆగు, ఈ మీట దేనికో పుస్తకం చూసి చెబుతాను' అంటే కుదురుతుందా? అందుకని ప్రతి పరికరాన్నీ నేలమీదనే మళ్ళీ మళ్ళీ పరీక్షించి, ఆ తరవాత పైకి పంపుతారు. ఇంటి దగ్గర తప్పు చేస్తే దిద్దుకోవచ్చు. అక్కడ చేస్తే దిద్దుకోలేము."

ఆ సాయంత్రమే మా ఇంట్లో కెమెరా బడి మొదలయింది. దానికి రెండే నియమాలు. రోజుకు ఒక్క పాఠమే. ఆ రోజు తీసిన ప్రతి బొమ్మనూ ఆ రాత్రి అందరమూ చూడాలి. చెడిపోయినది ఎందుకు చెడిపోయిందో తీసినవాళ్ళే చెప్పాలి.

మొదటిరోజు బొమ్మలు తియ్యలేదు. పటకాను మెడకు వేసుకోవటం, బ్యాటరీని నిండా ఛార్జి చెయ్యటం, కార్డు పెట్టటం, తీయటం, తేదీ, గడియారం సరిచెయ్యటం నేర్చుకున్నాము. కెమెరా ప్రతి బొమ్మతోపాటు అది తీసిన తేదీ, వేళ కూడా రాసి పెట్టుకుంటుంది. గడియారం తప్పయితే పదేళ్ళ తరవాత మీ సెలవుల బొమ్మ ఏ ఏటిదో తెలియక తికమకపడతారు. 32 జీబీ కార్డులో, ఒక్కొక్క బొమ్మ 8 ఎంబీ చొప్పున, సుమారు 4,000 బొమ్మలు పడతాయి. కాని చిన్న కెమెరాల బ్యాటరీ రెండు మూడు వందల బొమ్మలకే అయిపోవచ్చు. అందుచేత కార్డు పెద్దదయితే చాలదు, రెండవ బ్యాటరీ కూడా వుంటే మంచిది.

వాకిట్లో చుక్కల ముగ్గు

అవి ధనుర్మాసం రోజులు. తెల్లవారేసరికి మా వీధిలో ప్రతి వాకిట్లోనూ చుక్కల ముగ్గు వుండేది. రెండవరోజు పాఠం అక్కడే చెప్పాను.

డిజిటల్ కెమెరాలో ఫిలిం వుండదు. దానికి బదులు గోరంతో, తపాలాబిళ్ళంతో వుండే ఒక చిన్న పలక వుంటుంది. దాన్ని సెన్సరు అంటారు. దానిమీద చుక్కల ముగ్గులోవలె వరసలు వరసలుగా కోట్ల చుక్కలు వుంటాయి. ఒక్కొక్క చుక్క వెలుతురును పట్టే ఒక బుల్లి దొన్నె అనుకోండి. వెలుతురు పడినప్పుడు దానిలో విద్యుత్కణాలు పోగవుతాయి. ఎక్కువ వెలుతురు పడితే ఎక్కువ, తక్కువ పడితే తక్కువ. కెమెరా ఆ దొన్నెలన్నిటినీ కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. ఆ అంకెలే బొమ్మ!

అడ్డం 6,000 చుక్కలు, నిలువు 4,000 చుక్కలు వుంటే మొత్తం ఎన్ని? హెచ్చవేసి చూడండి. 2 కోట్ల 40 లక్షలు. దీన్నే 24 మెగాపిక్సెల్ అంటారు. మెగా అంటే పది లక్షలన్నమాట.

ఆ దొన్నెలకు రంగులు తెలియవు; వెలుతురు ఎంతో మాత్రమే తెలుసు. అందుకని ప్రతి చుక్కమీదా ఎర్రనిదో, పచ్చనిదో, నీలిదో ఒక చిన్న అద్దకం వేస్తారు. ప్రతి నాలుగు చుక్కలలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎర్రది, ఒకటి నీలిది. ఆకుపచ్చ ఎందుకు ఎక్కువంటే, మన కన్ను ఆ రంగు వెలుతురునే బాగా పసికడుతుంది గనక. ఈ ఏర్పాటును కనిపెట్టినవాడు కోడక్ కంపెనీలో పని చేసిన బ్రైస్ బేయర్. దానికి 1976లో పేటెంటు వచ్చింది.

ఈ చుక్కల కథ వెనక చాలామంది శ్రమ వున్నది. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అనే ఆయన మూడు నెలల తన కొడుకు ఫోటోను ఒక యంత్రం చేత చుక్కలు చుక్కలుగా చదివించి కంప్యూటరుకు ఎక్కించాడు. అందులో అడ్డం 176, నిలువు 176 చుక్కలే. 1969లో బెల్ పరిశోధనశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే వాళ్ళు వెలుతురును విద్యుత్తుగా పట్టుకునే సీసీడీ అనే పరికరానికి రూపకల్పన చేశారు. అందుకు వాళ్ళకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. 1975లో కోడక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ మొట్టమొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. అది మూడున్నర కిలోలకు పైగా బరువు. అది తీసిన బొమ్మలో పదివేల చుక్కలే. ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపుమీదికి ఎక్కించటానికి 23 సెకండ్లు పట్టేది! మా మనుమరాలి కెమెరాలో అంతకు 2,400 రెట్లు చుక్కలు వున్నవి.

"అయితే తాతా, ఎక్కువ చుక్కలు వుంటే బొమ్మ బాగా వస్తుందా?" అని అడిగింది మనుమరాలు.

"ఎక్కువ చుక్కలు పెట్టినంత మాత్రాన ముగ్గు బాగుంటుందా? గీసే చెయ్యి కదా ముఖ్యం!" అన్నది అవ్వ ముగ్గు గిన్నె దించుతూ. నేను చెప్పవలసిన మాట ఆవిడే చెప్పేసింది.

సగం నొక్కి ఆగండి

మూడవరోజు పాఠం మీట నొక్కటం. మీట నొక్కటానికి కూడా పాఠమా అని నవ్వకండి. చాలా బొమ్మలు చెడిపోయేది ఇక్కడే. మామూలు కెమెరాలలో మీటను సగం నొక్కి ఆగితే, ఏ వస్తువు స్పష్టంగా రావాలో కెమెరా చూసుకుంటుంది. తెరమీద చిన్న గడి పచ్చగా వెలుగుతుంది. అప్పుడు మిగతా సగం మెల్లగా నొక్కాలి. ఒక్కసారిగా గుద్దితే కెమెరా కదులుతుంది, బొమ్మ అలుక్కుపోతుంది. మోచేతులు డొక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కాలి. సెల్‌ఫోనులో అయితే, ఏది స్పష్టంగా రావాలో తెరమీద దాన్ని వేలితో తాకి, ఆ తరవాత తియ్యాలి.

నాలుగవరోజు పాఠం వెలుతురు. అవ్వను వీధి తలుపు దగ్గర పీటమీద కూర్చోబెట్టాము. మొదట ఆవిడ వీపు వీధివైపు వుండేటట్టు కూర్చోబెట్టి ఒకటి తీశాము. తరవాత ముఖం వీధివైపు తిప్పి ఒకటి. ఆ తరవాత పక్కకు తిప్పి ఒకటి. మనిషి ఒకరే, కెమెరా ఒకటే, చోటు ఒకటే. అయినా మూడు బొమ్మలూ ముగ్గురు మనుషులవలె వున్నవి. మొదటిదానిలో అవ్వ నల్లని నీడ. రెండవదానిలో ప్రతి ముడతా తెలుస్తున్నది. మూడవదానిలో ముఖం సగం వెలుగు, సగం నీడతో రవివర్మ పటంవలె వున్నది.

మొదటి బొమ్మ చూసి పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అప్పుడు వాళ్ళకు అటెండరు సంగతి చెప్పాను. ఇద్దరూ కొంతసేపు మాట్లాడలేదు.

"అట్లా ఎందుకు అవుతుంది తాతా? మన కంటికి ముఖం కనబడుతుంది గదా?" అన్నాడు మనుమడు.

మంచి ప్రశ్న. మన కన్ను ఎంతో తెలివైనది. పెద్ద వెలుతురునూ, నీడలో వున్న ముఖాన్నీ రెంటినీ సర్దుకుని చూస్తుంది. కెమెరాకు అంత సర్దుబాటు చేతకాదు. ఆకాశపు వెలుతురు చూసి, "అబ్బో, ఎంత వెలుతురు! తగ్గించాలి" అనుకుని అంతా తగ్గిస్తుంది. దానితోపాటు ముఖం కూడా నల్లబడుతుంది. దీనికి మూడు ఉపాయాలు వున్నవి. మనిషిని వెలుతురువైపు తిప్పటం అన్నిటికంటె మంచిది. అది వీలుకాకపోతే, కూడిక, తీసివేత గుర్తులు వుండే మీటతో కూడికవైపు ఒక మెట్టు జరపాలి. మనిషి దగ్గరగా వుంటే పగటిపూట అయినా ఫ్లాషు వెయ్యవచ్చు. అయితే చిన్న ఫ్లాషు వెలుగు పది పన్నెండు అడుగులకు మించి అంతగా పనిచెయ్యదు. చీకట్లో కొండమీదికి ఫ్లాషు కొట్టేవాణ్ణి చూస్తే నాకు దివిటీతో చంద్రుణ్ణి వెలిగించేవాడు జ్ఞాపకం వస్తాడు.

బిందె నిండాలి

అయిదు, ఆరు రోజుల పాఠాలు కొంచెం కష్టమైనవి. వీధి కుళాయి దగ్గర బిందె పట్టటం మీకు తెలుసును గదా? కుళాయి బాగా తిప్పితే బిందె తొందరగా నిండుతుంది. సన్నగా తిప్పితే ఆలస్యంగా నిండుతుంది. నిండకపోతే చాలదు, పొర్లితే వృథా. కెమెరాలోకి వెలుతురు పట్టటం కూడా ఇంతే. వెలుతురు చాలకపోతే బొమ్మ నల్లబడుతుంది, పొర్లితే తెల్లబారిపోతుంది.

కుళాయి ఎంత తిప్పామన్నది అపర్చరు. అది లెన్సులోని కన్నం. పిల్లి కంటిపాపవలె అది పెద్దదీ చిన్నదీ అవుతుంది. దాన్ని అంకెలతో చెబుతారు. ఎఫ్ 2.8 అంటే పెద్ద కన్నం, ఎఫ్ 8 అంటే చిన్న కన్నం. అంకె పెరిగితే కన్నం తగ్గుతుంది, జ్ఞాపకం వుంచుకోండి. కన్నం చిన్నదయితే దగ్గరి మనిషీ, దూరపు కొండా రెండూ స్పష్టంగా వస్తాయి.

కుళాయి ఎంతసేపు వదిలామన్నది షట్టరు వేగం. మా మనుమడు బొంగరం తిప్పాడు. మనుమరాలు సెకండులో పదిహేనవ వంతు వేగంతో ఒకటి, వెయ్యవ వంతు వేగంతో ఒకటి తీసింది. మొదటిదానిలో బొంగరంమీది రంగుచారలన్నీ కలిసిపోయినవి. రెండవదానిలో తిరిగే బొంగరం నిలిచిపోయినట్టు ప్రతి చారా కనిపించింది. పరుగెత్తే వాళ్ళకూ, ఎగిరే పక్షులకూ అయిదు వందవ వంతు, అంతకన్న వేగం కావాలి. ముప్ఫైయవ వంతుకంటె మెల్లగా పెడితే చేతి వణుకు కూడా బొమ్మలో పడుతుంది. అప్పుడు కెమెరాను ఒక గోడమీదనో, రాయిమీదనో ఆనించాలి.

మూడవది ఐఎస్ఓ. వెలుతురు చాలనప్పుడు, పట్టిన కొద్దిపాటి వెలుతురునే కెమెరా పెద్దది చేసి చూపిస్తుంది. ఈ అంకె బాగా పెంచితే బొమ్మమీద రవ్వ చల్లినట్టు మచ్చలు వస్తాయి. కనుక అవసరమైనంతే పెంచాలి.

ఇవన్నీ కెమెరా తనంతట తాను కూడా చూసుకోగలదు. మొదట దానికే వదలండి. కాని అది ఏం చేస్తున్నదో మీకు తెలియాలి. అప్పుడు అది పొరపాటు పడితే మీరు దిద్దగలరు.

ఒత్తిడి లేని పరీక్ష

ఎనిమిదవరోజు ఆదివారం. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర జంతుప్రదర్శనశాలకు పోయాము. ప్రయాణానికి ముందు ఇది అర్ధసంవత్సర పరీక్ష అన్నమాట. మొదటి అరగంటలో మనుమరాలు తీసిన బొమ్మలన్నిటిలోనూ తీగల వల స్పష్టంగా వున్నది, దాని వెనక జంతువు మసకగా వున్నది! కెమెరా దగ్గరి వస్తువును పట్టుకున్నది. ఆ పిల్ల బెంచీమీద కూర్చుని పుస్తకం తిప్పి, నడిమి గడితో మాత్రమే చూసుకునేటట్టు మార్చి, ఆ గడిని తీగల సందులోనుంచి జంతువు కంటిమీద పెట్టింది. ఈసారి చక్కగా వచ్చింది. ఈ తప్పే నేలపట్టులో చేసి వుంటే పక్షి ఆగుతుందా?

అక్కడే ఇంకొక సంగతి తెలిసింది. జూములో రెండు రకాలు. లెన్సు ముందుకు జరిగి దూరపుదాన్ని దగ్గరకు తెచ్చేది నిజమైన జూము. డిజిటల్ జూము అంటే తీసిన బొమ్మలో నడిమి ముక్కను కత్తిరించి సాగదీయటమే. అది ఇంటికి వచ్చాక కూడా చేసుకోవచ్చు.

తొమ్మిదవరోజు మర్యాద పాఠం. కెమెరా వున్నది గదా అని ఎక్కడపడితే అక్కడ తియ్యరాదు. తిరుమలలో స్వామివారి గుడి లోపలికి కెమెరాలూ, సెల్‌ఫోన్లూ తీసుకుపోనివ్వరు. మ్యూజియంలో అడిగి తియ్యాలి. మనుషులను అడగకుండా తియ్యరాదు. వాళ్ళు వద్దంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యాలి. గూళ్ళమీద వున్న పక్షుల దగ్గరికి పోయి బెదరగొట్టరాదు. జలపాతాల దగ్గర నాచుపట్టిన రాళ్ళమీద నిలబడి కెమెరా చూస్తూ వెనక్కు అడుగు వెయ్యరాదు. ఎంత మంచి బొమ్మ అయినా ప్రాణంకంటె ఎక్కువ కాదు. కెమెరా కంటితో సూర్యుణ్ణి నేరుగా చూడరాదు.

సెలవుల్లో

పదవరోజు సంచీ సర్దుకుని, పదకొండవరోజు బయలుదేరాము. చంద్రగిరిలో మూడంతస్తుల రాజమహల్ చూశాము. కొయ్య వాడకుండా రాయి, ఇటుక, సున్నాలతోనే దాన్ని కట్టారని చెబుతారు. మనుమరాలు మొదట కెమెరా తియ్యలేదు. ఎండ ఏ గోడమీద పడుతున్నదో చూసి, అటువైపు పోయి తమ్ముణ్ణి నిలబెట్టింది. ఒక్కటే తీసింది. ముఖమూ వచ్చింది, మహలూ వచ్చింది.

భాకరాపేటమీదుగా తలకోన పోయాము. అక్కడి జలపాతం సుమారు 270 అడుగుల ఎత్తు. ఒక్క నీటిధారను మాత్రమే తీస్తే అది ముప్ఫై అడుగులో మూడు వందల అడుగులో చూసేవాళ్ళకు తెలియదు. కింద నిలబడిన నన్ను కూడా కలిపి తీసింది. బొమ్మలో నేను చీమంత వున్నాను. అప్పుడు తెలిసింది ఎత్తు! నీటి తుంపరలు పడకుండా కెమెరాకు ప్లాస్టిక్ సంచీ తొడిగింది. లెన్సుమీద పడిన చుక్కను పైటచెంగుతో తుడవబోయిన అవ్వను ఆపి, మెత్తని బట్టతో అద్దింది.

నేలపట్టులో నీళ్ళలో నిలబడిన చెట్లనిండా గూడబాతులు. పెద్ద రెక్కలు చాచి దిగుతున్నవి. ఎగిరే పక్షుల బొమ్మలు యాభై తీస్తే బాగా వచ్చినవి ఆరు. ఆ పిల్ల విచారపడలేదు. "పోయిన వారం తీసి వుంటే ఒక్కటీ వచ్చేది కాదు తాతా" అన్నది.

చివరిరోజున నేను పిల్లలను చిత్తూరు అవతల ఒక పల్లెకు తీసుకుపోయాను. అది మా అటెండరు ఊరు. ఆయన భార్య వాకిట్లో చింతపండు ఒలుస్తూ కూర్చుని వున్నది. నన్ను గుర్తుపట్టి, "రాండి అయ్యవారూ" అని లేచింది. గోడకు ఆయన పటం వున్నది. పోయినసారి చూసినప్పటికంటె కూడా మసకబారింది.

మనుమరాలు ఆవిడ దగ్గరికి పోయి, "అవ్వా, మిమ్మల్ని ఒక ఫోటో తియ్యనా?" అని అడిగింది.

"ఈ ముసలిముఖం ఎందుకమ్మా?" అంటూనే ఆవిడ లోపలికి పోయి మంచి చీర కట్టుకుని వచ్చింది.

మనుమరాలు పీటను తలుపు దగ్గరికి జరిపింది. ఆవిడ ముఖాన్ని వెలుతురువైపు తిప్పించింది. మోచేతులు డొక్కలకు ఆనించి, సగం నొక్కి ఆగింది. పచ్చగడి ఆవిడ కంటిమీద వెలిగింది. మెల్లగా నొక్కింది.

"ముఖం కనబడుతుందా అమ్మా?" అని అడిగింది ఆవిడ.

"బాగా కనబడుతుంది అవ్వా" అని తెర చూపించింది మనుమరాలు. ఆవిడ చాలాసేపు చూసుకున్నది. చిత్తూరులో స్టూడియోలో కాగితంమీద అచ్చు వేయించి, ఆ సాయంత్రమే మళ్ళీ పోయి ఇచ్చి వచ్చాము.

పెద్దలకు ఒక మాట. కెమెరాను అలమారలో దాచకండి. పిల్లల చేతికి ఇవ్వండి. ఊరినుంచి వచ్చిన రోజునే బొమ్మలను రెండు చోట్ల దాయండి. అవి రెండు చోట్లా వున్నవని చూసుకున్న తరవాతనే కార్డు తుడవండి. మంచి బొమ్మలను నాలుగయినా కాగితంమీద వేయించండి. ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళవి.

ఇక మీకు, బాలలూ! తలకోన వచ్చే ఏడు కూడా వుంటుంది. రాజమహల్ ఎక్కడికీ పోదు. కాని మనుషులు అట్లా కాదు. సెలవులకు ఇంకా ఎన్ని రోజులు వున్నవో లెక్కపెట్టుకోండి. కెమెరా వుంటే కెమెరా, లేకపోతే ఇంట్లో సెల్‌ఫోను. ఈ సాయంత్రమే మీ అవ్వనో తాతనో తలుపు దగ్గర పీటమీద కూర్చోబెట్టి, వెలుతురువైపు ముఖం తిప్పించి, మొదటి పాఠం మొదలుపెట్టండి.